భూమి లేని ఇల్లు కోత పండుగకు ఏమి తేవాలి?

ప్రశ్న: మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె. మా క్రైస్తవ సంఘంలో తొంభై కుటుంబాల దాకా ఉన్నాయి. నేను సంఘంలోని ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రికి కార్యదర్శిని. సార్వా (తొలకరి పంట) ధాన్యం ఇళ్లకు చేరాక, ఏటా సంక్రాంతి దాటిన తరువాతి ఆదివారం గుడిలో కోత పండుగ చేసుకుంటాము. కొన్నేళ్లుగా అది వేలం పాటల పండుగ అయిపోయింది. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదువుతారు, పేర్లు ఫ్లెక్సీ మీద వేస్తారు. ఈ ఏడు తుపానుకు పల్లపు చేలన్నీ పడిపోయి, కౌలుకు చేసిన పన్నెండు కుటుంబాలు బాగా దెబ్బతిన్నాయి. మెరక చేలు మాత్రం ఇంకా కోతకు ఉన్నాయి. పండుగ ఈసారి మానేద్దామని కమిటీలో కొందరు, మానితే మళ్లీ మొదలవదని కొందరు అంటున్నారు. గుమ్మానికి వరి కుచ్చులు కట్టడం, కొత్త బియ్యంతో పరమాన్నం వండడం అన్యాచారమని మా యువకులు అభ్యంతరం చెబుతున్నారు. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న పిల్లలు ఫోనులో డబ్బు పంపి ఊరుకుంటున్నారు. అన్నిటికన్నా నన్ను బాధించినది మా అమ్మ మాట. ఆమె జీవితమంతా నాట్లకు, కోతలకు కూలికి వెళ్లిన మనిషి. నిరుడు పండుగనాడు, "పొలం ఉన్నవాళ్ల పండుగకు నేనేం పట్టుకొస్తాను, మీరు వెళ్లి రండి" అని ఇంట్లోనే ఉండిపోయింది. అందరం కలిసి చేసుకోవాలంటే ఏమి చేయాలి?

సమాధానం: సోదరికి ప్రభువు నామమున వందనములు.

మీరు అయిదారు సంగతులు అడిగారు. చివర రాసిన మీ అమ్మగారి మాటకు సరైన జవాబు దొరికితే మిగిలినవాటిలో చాలావరకు వాటంతటవే తేలిపోతాయని నాకు తోచింది, అందుచేత అక్కడినుంచే మొదలుపెడతాను. పండుగ మానవద్దు, కాని నిరుడు చేసినట్లు చేయవద్దు. మీ అమ్మగారు గడప దాటి రాలేకపోయిన పండుగను ఉన్నదున్నట్లు మళ్లీ చేయడంకన్నా మానుకోవడమే నయమని నేనూ ఒప్పుకుంటాను. ఆమె ముందు నడిచే పండుగను మాత్రం, పంట పోయిన ఈ ఏడాదిలోనే, తప్పకుండా చేయండి.

"పొలం ఉన్నవాళ్ల పండుగ" అని ఆమె ఊరికే అనుకోలేదు. మనం ఏళ్ల తరబడి అలా చేసి చూపించాము గనుక అన్నది. లేఖనంలో ఉన్న పండుగ అది కాదు. నిర్గమకాండము ఇరవైమూడో అధ్యాయంలో కోతపండుగ అన్న పేరు వస్తుంది. ద్వితీయోపదేశకాండము పదహారో అధ్యాయంలో అదే పండుగకు ఎవరెవరు కూర్చోవాలో వరుసగా చెప్పారు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు (ఆలయ సేవ చేసే గోత్రంవాడు), పరదేశి, తల్లిదండ్రులు లేనివారు, విధవరాలు. ఈ వరుసను ఒకసారి నెమ్మదిగా చదివి, వీరిలో సొంత పొలం ఎంతమందికి ఉంటుందో లెక్కపెట్టి చూడండి. లేవీయునికి స్వాస్థ్యంగా వచ్చే భూమి లేదు, దాసునికి లేదు, పరదేశికి లేదు, తండ్రి లేని బిడ్డకు, విధవరాలికి ఉన్నా వారి చేతిలో నిలిచేది కాదు. పొలం గలవాడు ఆ పండుగకు యజమాని కాడు. వీరందరినీ వెంటబెట్టుకొని రావలసిన బాధ్యత గలవాడు. లేవీయకాండము ఇరవైమూడో అధ్యాయంలో పండుగల పట్టిక నడుస్తుండగా, వారాల పండుగ అని కూడా పిలిచే ఈ కోతపండుగ బలుల వివరం ముగియగానే, పొలం ఓరలు పూర్తిగా కోయవద్దని, పరిగె (కోతలో రాలిన కంకులు) ఏరుకోవద్దని, అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని ఒక్క వచనం ఉంది. బలుల లెక్కల మధ్య కూలివారి మాట ఎందుకు వచ్చిందని నేను చాలాకాలం ఆలోచించాను. పరిగె విడవని పొలం నుంచి తెచ్చిన పన అర్పణ కాదని చెప్పడానికే ఆ వచనం అక్కడ ఉన్నదని నా నమ్మకం. యూదులు ఈనాటికీ ఆ పండుగ రోజున రూతు గ్రంథం చదువుతారు. రూతు పరదేశి, విధవరాలు, సొంత పొలం లేనిది. కోత పండుగ చదువుల్లో ముఖ్యపాత్ర ఆమెదే.

మన తెలుగు సంఘాల పుట్టుక కూడా ఇక్కడ గుర్తు చేసుకోవలసినదే. 1876 నుంచి 1878 వరకు సాగిన మహాకరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న పల్లెలకు మట్టిపని చూపించారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ పల్లెలవారు; చెప్పులు కుట్టినవారు, పాలేర్లు, కోత కూలీలు. గోదావరి, కృష్ణా సీమల్లో మాల పల్లెల నుంచి సంఘాల్లో చేరినవారి సంగతీ దాదాపు ఇదే. వీరు గుడికి పట్టుకొచ్చినది సొంత చేని పంట కాదు, కూలికి కొలిచి ఇచ్చిన గింజలు. అందులోనుంచి తీసిన పిడికెడు. మన గుళ్ల గోడలు చాలావరకు ఆ పిడికెళ్ల మీద లేచినవే.

మా నాయనమ్మ వంటింట్లో పొయ్యికి ఎడమపక్క మూతలేని చిన్న ముంత ఒకటి ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు చేటలోనుంచి ఒక పిడికెడు తీసి అందులో వేసేది. పిడికెడంటే నిండుగా కాదు. వేళ్ల సందుల్లోనుంచి నాలుగు గింజలు మళ్లీ చేటలోకి జారేవి, వాటిని ఆమె తిరిగి ముంతలో వేసేది కాదు, జారినవి పిల్లలవి అనేది. వారం తిరిగేసరికి ముంత నిండితే ఆదివారం కొంగున మూటకట్టి తీసుకెళ్లి బల్ల దగ్గర గంపలో విప్పేది. నూకలు వండుకొన్న వారాల్లో ముంతలోనూ నూకలే ఉండేవి, వాటినీ అలాగే తీసుకెళ్లేది. ఆమెకు సెంటు భూమి లేదు. కోత పండుగకు ఏమి తేవాలన్న సందేహం ఆమెకు ఎన్నడూ కలిగినట్లు నాకు గుర్తు లేదు. మిజోరం సంఘాల్లో స్త్రీలు పూటపూటా తీసిపెట్టే పిడికెడు బియ్యం 1910 ప్రాంతంలో ఆరంభమై ఈనాటికీ అక్కడి సంఘాలకు పెద్ద ఆధారంగా నిలిచి ఉంది. మనం ఆ ముంతను వంటింట్లోనుంచి ఎప్పుడు తీసేశామో మనకే తెలియకుండా తీసేశాము.

కనుక మీ స్త్రీల మైత్రి చేయగలిగిన మొదటి పని ఇది. పండుగకు ఇంకా ఆరేడు వారాలు ఉన్నాయి. ఈ ఆదివారమే ప్రతి ఇంటికీ ఒక చిన్న ముంతో, డబ్బానో ఇవ్వండి. పొలం ఉన్న ఇంటికీ, లేని ఇంటికీ, పంట పోయిన ఇంటికీ, పాస్టరుగారి ఇంటికీ ఒకే కొలత ఉండాలి. కొత్త బియ్యమైనా, రేషను బియ్యమైనా, నూకలైనా సరే. పండుగనాడు అర్పణ వేళకు బస్తాలు ఇచ్చేవారు వాటిని ముందురోజు సాయంత్రమే గుడి వసారాలో దింపి వెళ్లాలని, ఆరాధనలో మాత్రం అందరూ ముంతలతోనే నడవాలని కమిటీలో తీర్మానం చేయించండి. ముందు వరుసలో కోత కూలీలు, వారి వెనుక మిగిలినవారు. గంప ఒక్కటే ఉండాలి, పెద్దది, మేదరవారు అల్లిన వెదురు గంప. అందులో పడ్డాక ఎవరి గింజ ఏదో ఎవరికీ తెలియదు. మీ అమ్మగారి చేతిలో ముంత పెట్టే పని మాత్రం మీరే చేయండి, కమిటీ చేత చేయించకండి.

ఇక వేలం పాట. దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. కోడిపుంజు, గుమ్మడికాయ, అరటి గెల, కొబ్బరికాయలు గుడిలో నిలవ ఉండేవి కావు. వాటిని డబ్బు చేయక తప్పదు. పదిమంది నవ్వుకుంటూ పాట పాడుకుంటే సరదా కూడా ఉంటుంది. అది ఎక్కడ చెడుతుందో నా కళ్లారా చూశాను. మా సంఘంలో ఒక ఏడు ఒక వితంతువు తన పెట్ట పెట్టిన తొలి గుడ్డును తెచ్చింది. గుడ్డును అరచేతిలో ఎత్తిపట్టి పెద్దలు పాట మొదలుపెట్టారు. ఇద్దరు మోతుబరులు పంతానికి పోయి వందలు, వేలు దాటించారు. చప్పట్లు మోగాయి, పాడినవారి పేర్లు మైకులో మూడుసార్లు చెప్పారు. గుడ్డు తెచ్చిన మనిషి వెనుక స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె పేరు ఎవరూ అడగలేదు, చెప్పలేదు. ఆ రోజు కమిటీలో నేనూ ఒకణ్ణి, నాకూ తోచలేదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి నన్ను చాలా రోజులు బాధించింది. ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చొని చూసినప్పుడు ఆయన శిష్యులను పిలిచి చూపించినది రెండు కాసులు వేసిన విధవరాలిని.

ఆ తరువాత మేము చేసిన మార్పులు మీకు పనికివస్తాయేమో చూడండి. వేలాన్ని ఆరాధనలోనుంచి తీసివేసి, భోజనాలయ్యాక ఆవరణలో చెట్టు కింద పెట్టాము. ఎక్కువ వస్తువులకు పాటే లేదు. బజారు ధరకు కాస్త తక్కువగా వెల రాసి బల్లల మీద ఉంచుతాము, ఎవరికి కావలసింది వారు కొనుక్కుంటారు. పాట పెట్టేవి పది వస్తువులకు మించవు. పాడినవారి పేరు చెప్పము, వస్తువు తెచ్చినవారు ఒప్పుకుంటే వారి పేరు చెబుతాము. వచ్చే డబ్బు దేనికి ఖర్చు చేస్తామో ముందటి ఆదివారమే చదివి వినిపిస్తాము, ఖర్చయ్యాక రసీదులతో సహా లెక్క గోడకు అంటిస్తాము. వచ్చిన ధాన్యంలో, బియ్యంలో మూడో వంతు అమ్మకుండా విడిగా తీసి, ఒంటరి వృద్ధులకు, పని దొరకని ఇళ్లకు నెలనెలా పంచుతాము. మొదటి ఏడు వేలం రాబడి తగ్గింది. తగ్గుతుందని మీ కమిటీకి ముందే చెప్పండి, చెప్పకుండా ఒప్పించకండి. ఫ్లెక్సీ మీద పేర్ల సంగతికి వాదన అవసరం లేదు. అది వెంటనే ఆపవలసినది.

పంట పోయిన పన్నెండు కుటుంబాల విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఉంది, ఎందుకంటే మంచి మనసుతోనే ఇక్కడ గాయం చేస్తాము. వారిని పండుగనాడు ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమనవద్దు, అందరి ఎదుట కవరు చేతిలో పెట్టవద్దు, వారి కోసం అని పేరు పెట్టి చందా ఎత్తవద్దు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలడం, కంకిలోనే గింజ మొలకెత్తడం ఈ ప్రాంతమంతా చూసింది. పడిన చేను కోయడానికి చైను మిషనుకు అదనంగా ఇచ్చి, రంగు మారిన ధాన్యానికి తక్కువ ధర తీసుకొని, అటుపైన కౌలు బస్తాలు కొలవవలసిన రైతు పరిస్థితి ఏమిటో మీకు నేను వివరించనక్కరలేదు. అటువంటి మనిషి "కృతజ్ఞతా పండుగ" అన్న మాట వింటేనే తల దించుకుంటాడు.

పండుగకు చాలా ముందే, ఈ పదిహేను రోజుల్లోనే, ఇద్దరేసి చొప్పున వారి ఇళ్లకు వెళ్లండి. ఒకరు సాగు తెలిసినవారు, ఒకరు ప్రార్థన చేయగలవారు అయితే మంచిది. దాళ్వాకు (రెండో పంటకు) విత్తనం ఉందా, అప్పు ఎవరి దగ్గర ఉంది, నష్టపరిహారం జాబితాలో పేరు ఎక్కిందా అని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇవ్వడానికి 2019లో చట్టం వచ్చింది. పదకొండు నెలలు చెల్లే ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలన్న నిబంధన అందులో ఉంది. ఎంతోమంది యజమానులు భూమి ఎక్కడ పోతుందోనన్న భయంతో సంతకం పెట్టరు. మీ పన్నెండు కుటుంబాలు ఎవరి పొలాలు చేస్తున్నాయో కనుక్కోండి. ఆ యజమానుల్లో ఒకరిద్దరైనా మీ గుడిలోనే అదే చాప మీద కూర్చునేవారై ఉంటారని నా అనుమానం. వారి దగ్గరకు పాస్టరుగారు, ఒక పెద్ద కలిసి వెళ్లి, వచ్చే పంటకు సంతకం పెట్టమని, ఈ పంట కౌలులో కొన్ని బస్తాలు తగ్గించుకొమ్మని అడగాలి. ఇది మైకులో అడిగే మాట కాదు, వారి వసారాలో కూర్చొని అడగవలసిన మాట. రూతు పరిగె ఏరుకొన్న చేనికి యజమాని అయిన బోయజు తన పనివాళ్లతో, ఆమె ఏరుకొనేటట్లు కొన్ని పిడికెళ్లు కావాలనే పడవేయండి, ఆమెను గద్దించవద్దు అని చెప్పాడు. రూతుకు ఆ ఏర్పాటు తెలియదు, తాను ఏరుకొన్నాననే ఇంటికి వెళ్లింది. ఇవ్వడంలో అంత మర్యాద ఉంది. కోత యంత్రాలు వచ్చాక చేలో పరిగె ఏరే పిల్లలు, ముసలివారు కనబడడం లేదు, యంత్రం వెనుక ఏరడానికి మిగిలేదీ లేదు. కనుక ఇప్పటి పరిగె కౌలు కాగితంలోనే విడవాలి.

ఆరాధనలోనూ వారికి చోటు ఉండాలి. పాఠాల్లో మొదట హబక్కూకు మూడో అధ్యాయం చివరి వచనాలు చదివించండి. చేనిలోని పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా అన్న ఆ మాటలు ఎండిన పొలం పక్కన నిలబడిన మనిషివి. అవి చదివాక కాసేపు పాట లేకుండా, కీబోర్డు లేకుండా ఊరుకోండి. ఆ తరువాతే అరవైఅయిదో కీర్తన అందుకోండి. సంవత్సరానికి దయాకిరీటం ధరింపజేశావన్న స్తుతి, పోయిన పంటను ముందు ఒప్పుకొన్న నోట పలికినప్పుడే నిజంగా వినబడుతుంది. ఈ రెంటి వరుస తారుమారు చేయవద్దని మీ పాస్టరుగారిని నా తరఫున వేడుకొంటున్నాను.

వరి కుచ్చుల మీద మీ యువకుల అభ్యంతరాన్ని తేలికగా తీసిపారేయకండి. పాతవాటిని విడిచి వచ్చిన కుటుంబాల్లో పుట్టిన పిల్లలు కొన్ని గుర్తులను చూసి కలవరపడడం సహజమే, ఆ మనస్సాక్షిని గౌరవించవలసిందే. అయితే వారికి రెండు సంగతులు చెప్పండి. గుడిని పంటలతో అలంకరించి పండుగ చేసే ఇప్పటి పద్ధతి కూడా బైబిలులో ఆజ్ఞాపించినది కాదు; 1843లో ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన మార్వెన్‌స్టో అనే పల్లె పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్ తన సంఘాన్ని పంటల కృతజ్ఞతకు పిలవడంతో అది ఊపందుకొని, ఆంగ్లేయ మిషనరీలతో పాటు మన దాకా వచ్చింది. అక్కడి రైతు గోధుమ కంకులు గుడిలో పెడితే క్రైస్తవాచారమై, మన రైతు వరి కంకులు పెడితే అన్యాచారమవుతుందా? రెండవది, డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యి, అక్కడ కట్టించిన ప్రధానాలయాన్ని మన మండపాల స్తంభాలను, మన గుమ్మటాలను తలపించేలా కట్టించారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడాన్ని మీ యువజనులకు ఒకసారి చూపించగలిగితే నేను ఇక్కడ రాసినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. వరి కుచ్చును మన పల్లెల్లో కట్టేది పిచ్చుకల కోసం. ఆకాశపక్షులను పోషించే తండ్రిని గురించి ప్రభువు చెప్పిన మాట పిల్లలకు కుచ్చు కింద నిలబెట్టి చెప్పవచ్చు. కుంకుమ, హారతి వంటివి ఎవరూ అడగడం లేదు గనుక వాటి చర్చ తేవద్దు. పరమాన్నం అన్నం, పాలు, బెల్లం. అందులో వెదకవలసినది ఏమీ లేదు. ఇంత చెప్పాక కూడా ఒకరిద్దరికి మనసు ఒప్పకపోతే కుచ్చులను ప్రభువు బల్లకు కాక, బయటి వసారా దూలానికి కట్టండి. అందువల్ల ఎవరి విశ్వాసమూ తగ్గదు, పిచ్చుకలకూ అదే వీలు.

పట్నంలో ఉన్న పిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. వారు పంపే డబ్బును తక్కువ చేసి మాట్లాడకండి, నెల జీతంలో తీసి పంపుతున్నారు. కాని డబ్బు అడగడానికి కాక, రమ్మని పిలవడానికి ఈసారి ఫోను చేయండి, అదీ వాట్సాప్ గుంపులో కాదు, ఒక్కొక్కరికి, వారి తల్లుల చేత. మీరు చెప్పిన ఆదివారం సంక్రాంతి సెలవులు దాటాక వస్తోంది; అందరూ ఊళ్లో ఉన్న రోజుల్లో, ఒక వారం ముందే పెట్టుకుంటే మీకు నష్టమేమిటో కమిటీలో ఆలోచించండి. వచ్చినవారికి వడ్డన పని అప్పగించండి. చేతిలో గరిటె పట్టుకొన్న మనిషి పండుగకు అతిథిగా మిగలడు.

భోజనం గురించి ఒక్క పట్టుదల మాత్రం మీరు వదలవద్దు. వంట అందరి ముంతల బియ్యంతోనే వండాలి. ఆ గంపలో రేషను బియ్యం, కొత్త బియ్యం, నూకలు కలిసి ఉంటాయి గనుక అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా వస్తుంది; వంటవాళ్లు సణుగుతారు, సన్నబియ్యం విడిగా తెప్పిద్దామంటారు. ఒప్పుకోకండి. కొరింథు సంఘంలో ముందు వచ్చినవారు తినేసి వెనక వచ్చినవారిని ఆకలితో ఉంచినందుకు పౌలు ఎంత కఠినంగా రాశాడో మీకు తెలుసు. ఒకే పంక్తి, ఒకే అన్నం, పెద్దలకు కుర్చీలు వేసిన బల్ల విడిగా ఉండకూడదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివారికి మాత్రమే కుర్చీలు. కౌలుకు పొలం ఇచ్చే, కూలికి పిలిచే రైతులు మన సంఘంవారు కాకపోయినా, ఆ చేలల్లోనే మీ అమ్మగారి చెమట పడింది. వారిని భోజనానికి పిలవండి. వస్తారో రారో వారి ఇష్టం.

ఒక పని మాత్రం ఈ వారం దాటితే చేయలేరు. కుచ్చులకు కావలసిన కంకులు కోత యంత్రం తిరిగిన చేలో దొరకవు. గడ్డి నలిగిపోతుంది, కాడ నిలవదు. మెరక చేలలో ఒక మూల రెండు సెంట్ల మేర వదిలిపెట్టమని రైతును ముందే అడిగి, గింజ ఎర్రబడి కాడ ఇంకా కాస్త పచ్చిగా ఉన్నప్పుడు, కొడవలితో జానెడున్నర కాడ ఉంచి కోయాలి. మరీ ఎండనిస్తే అల్లేటప్పుడు గింజ రాలుతుంది. కోసినవి నీడన ఆరబెట్టి, అల్లే రోజు కాడలకు మాత్రం తడి చేసి, మూడేసి పాయలు జడలాగా తిప్పుతూ పాయ పాయకు కొత్త కంకులు చేర్చుకుంటూ పోతే కంకులన్నీ కిందికి వేలాడుతూ కుచ్చు తయారవుతుంది. కోతకు వెళ్లిన తరంలో ఇది చేతకాని ఆడమనిషి ఉండదు, మీ తరంలో ఎంతమందికి వచ్చో మీకే తెలియాలి. మీ అమ్మగారిని అడిగి చూడండి. ఆమెకు వచ్చు అంటే, ఒక శనివారం మధ్యాహ్నం గుడి వసారాలో చాప వేసి ఆమెను కూర్చోబెట్టి, సండే స్కూలు పిల్లలను, అభ్యంతరం చెప్పిన ఆ యువకులను కూడా, ఆమె చుట్టూ కూర్చోబెట్టండి. కొడవలి పదును పెట్టించడం మరిచిపోకండి.